కట్టేశానా, లేదా? తిరిగి చూడకుండా వచ్చేశాక మొదలయ్యే పీకులాటను ఎలా తట్టుకోవాలి

గ్యాస్ కట్టేశానో లేదో అని నాలుగోసారి చూడాలనిపించింది. మీరు చూడలేదు. తాళం వేసి, మెట్లు దిగి వచ్చేశారు. డాక్టరు చెప్పినట్టే చేశారు కాబట్టి ఇక హాయిగా ఉండాలి. కానీ ఉండదు. మారతహళ్ళిలో 500డీ బస్సు ఎక్కేసరికి లోపల మొదలవుతుంది. "నిజంగా కట్టానా? నాబ్ సగమే తిరిగి ఉంటే? కింద ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. రెండు నిమిషాలు వెనక్కి వెళ్ళి చూస్తే పోయేది కదా, బద్ధకించి వాళ్ళ ప్రాణాల మీదకు తెస్తున్నానా?"

మొదటి రెండు ప్రశ్నలూ అనుమానం. చివరిది తప్పు చేశానన్న బాధ. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అంటే వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలూ, వాటి భయం తగ్గడానికి చేసిందే చేసే పనులూ ఉండే మానసిక జబ్బు. అందులో ఈ రెండూ చాలాసార్లు జంటగానే వస్తాయి. మొదటిదాన్ని ఎలాగోలా పళ్ళ బిగువున తట్టుకున్నవాళ్ళు కూడా రెండోదాని దగ్గర ఓడిపోయి బస్సు దిగి వెనక్కి వెళ్తారు. నేను అలా కాడుబీసనహళ్ళిలో దిగిపోయిన రోజులు చాలానే ఉన్నాయి.

నాకు ఓసీడీ వచ్చి పదకొండేళ్ళు. మదనపల్లె నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన కొత్తలో మొదలైంది, దాని పేరు తెలియడానికే నాలుగేళ్ళు పట్టింది. నేను డాక్టర్ని కాను. చికిత్సలో నేర్చుకుని, రోజూ వాడి, అరగదీసి చూసిన పద్ధతి ఇది. "చేతులు కడగడం ఆపండి, తాళం చూడటం ఆపండి" అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆపిన తర్వాత వచ్చే ఆ గంటను ఎలా గడపాలన్నదే ఇక్కడ నేను చెప్పదలచుకున్నది.

ముందు కాగితం మీద రెండు గళ్ళు గీయండి

మన ఇళ్ళలో ఇలాంటివాటికి ఉన్న పాత పేరు చాదస్తం. చాదస్తం, ఓసీడీ రెండూ ఒకటి కావు. చాదస్తం ఉన్న మనిషికి తన పద్ధతే సరైనదనిపిస్తుంది, ఇబ్బంది పడేది పక్కవాళ్ళు. ఓసీడీ ఉన్న మనిషికి తను చేస్తున్నది అతి అని చాలాసార్లు తెలుస్తూనే ఉంటుంది. తెలిసీ ఆగలేకపోవడమే అందులోని నరకం.

ఎడమ గడిలో, పిలవకుండా వచ్చి పడే ఆలోచనలు రాయండి. గ్యాస్ పేలుతుందేమో, చేతికి ఏదో అంటుకుందేమో, బండితో ఎవరినో గుద్దేశానేమో, దేవుడి పటం ముందు నిలబడితే బూతుమాట ఎందుకొచ్చింది, కత్తి చేతిలో ఉన్నప్పుడు పాపను పొడుస్తానేమో. ఎంత సిగ్గుగా ఉన్నా ఉన్నది ఉన్నట్టు రాయండి. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు పరిశోధకులు ఓసీడీ లేని మామూలు మనుషులను అడిగి చూశారు. వాళ్ళలో ఎక్కువమందికి కూడా ఇలాంటి పాడు ఆలోచనలే వస్తున్నాయని తేలింది. ఆలోచనలో ఉన్న విషయం ఇద్దరికీ ఒకటే. మామూలు మనిషి "ఛీ" అనుకుని పక్కకు తోసేస్తాడు, మనం దాన్ని పట్టుకుని పంచాయితీ పెడతాం.

కుడి గడిలో, ఆ ఆలోచన వల్ల పుట్టిన భయం తగ్గడానికి మీరు చేసేవన్నీ రాయండి. కడగడం, చూడటం, లెక్కపెట్టడం అందరికీ తెలిసినవే. బయటికి కనిపించనివి ఇంకా ఉంటాయి, వాటినే ఎక్కువ జాగ్రత్తగా వెతకాలి:

- ఇంట్లోంచి బయలుదేరిన దగ్గర్నుంచి జరిగిందంతా మనసులో రీలు తిప్పినట్టు తిప్పి చూసుకోవడం.
- స్టవ్ ఫోటో తీసుకుని దారి పొడవునా జూమ్ చేసి చూడటం. చాలా తెలివైన ఉపాయం చేశామనిపిస్తుంది. చూడటం వంటింట్లోంచి ఫోన్లోకి మారింది, అంతే.
- అమ్మకో, రూమ్మేటుకో ఫోన్ చేసి "ఏం కాదు కదా?" అని అడగడం.
- గూగుల్‌లో వెతకడం. రాత్రి రెండింటికి "గ్యాస్ నాబ్ సగం తెరిచి ఉంటే" అని వెతికిన మనిషిని నేనే.
- పాడు ఆలోచన వచ్చిన వెంటనే మంచి ఆలోచనతోనో, దేవుడి నామంతోనో దాన్ని చెరిపేయడం.
- అవసరం లేకపోయినా జరిగిందంతా ఎవరికో ఒకరికి ఒప్పేసుకోవడం.

ఈ కుడి గడిలోవే కంపల్షన్లు. మీరు ఆపాల్సింది ఇవే. ఎడమ గడిని ఆపడం ఎవరి చేతా కాదు, దాని జోలికి పోకండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

దీనికి చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. 1966లో విక్టర్ మేయర్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ఇద్దరు రోగులతో చేసిన పని గురించి రాసిన వ్యాసంతో దీనికి పునాది పడింది. భయపెట్టే పరిస్థితిలోకి కావాలనే వెళ్ళాలి, వెళ్ళాక కుడి గడిలో పని చేయకుండా ఉండాలి. విషయం ఇంతే. చేయడమే కష్టం.

గడిలోని ఒక్కోదానికి, అది ఆపితే ఎంత టెన్షన్ వస్తుందో సున్నా నుంచి వందలోపు మార్కులు వేయండి. ముప్ఫై, నలభై దగ్గర ఉన్నదాన్ని ఎంచుకోండి. తొంభైతో మొదలుపెట్టి వీరత్వం చూపించినవాళ్ళు రెండో రోజే మానేస్తారు. జబ్బు తీవ్రంగా ఉంటే, అంటే రోజులో గంటల కొద్దీ దీనికే పోతుంటే, ఒంటరిగా కాకుండా థెరపిస్టుతో కలిసి చేయండి.

రూలు ముందే పెట్టుకోండి, మనసు బాగున్నప్పుడు

నాకు అన్నిటికంటే పనికొచ్చిన అడుగు ఇదే. తలుపు దగ్గర నిలబడి, గుండె దడదడలాడుతుంటే "ఇంకొక్కసారి చూడాలా వద్దా" అని నిర్ణయించుకోబోతే గెలిచేది ఎప్పుడూ ఓసీడీయే. అందుకే ఆదివారం సాయంత్రం టీ తాగుతూ, మనసు కుదురుగా ఉన్నప్పుడు, వారానికి సరిపడా రూలు రాసిపెట్టుకోవాలి.

కొలత ఎక్కడిదంటే, మామూలు మనిషిని చూడండి. నా రూమ్మేటుది కడప. గ్యాస్ ఎలా కడతాడో గమనించాను. నాబ్ తిప్పుతాడు, వెళ్ళిపోతాడు. వెనక్కి తిరిగి కూడా చూడడు. "ఒరేయ్, నీకెప్పుడూ అనుమానం రాదా?" అని అడిగితే, "వస్తాది, అప్పటికి సిల్క్ బోర్డు దాటింటా. ఇంకేం వెనక్కి పోయేది" అన్నాడు. అంటే అనుమానం వాడికీ వస్తుంది. వాడికి ట్రాఫిక్కు దానికంటే పెద్ద సమస్య.

నా రూలు ఇలా రాసుకున్నాను: సిలిండర్ రెగ్యులేటర్ ఒకసారి, నాబ్‌లు ఒకసారి, తాళం వేసి లాగడం ఒకసారి. ఫోటోలు లేవు. ఫోన్లు లేవు. గేటు దాటాక వెనక్కి వెళ్ళేది లేదు. ఇంతకంటే పొడవు రాయకండి. షరతులు పెరిగితే ఆ రూలే కొత్త కంపల్షన్ అయి కూర్చుంటుంది.

అనుమానం వచ్చినప్పుడు

అనుమానం పెనుభూతం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ భూతానికి జవాబు చెప్పిన కొద్దీ కొత్త ప్రశ్న పుడుతుంది. మళ్ళీ చూస్తే తీరుతుందనుకుంటాం. జరిగేది తలకిందులు. 2003లో నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఓసీడీ లేని మామూలు మనుషుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్‌ను పదేపదే కట్టించి, పదేపదే చూపించారు. చివర్లో వాళ్ళ జ్ఞాపకం తప్పు కాలేదు, కట్టిన విషయం సరిగ్గానే చెప్పారు. పోయిందల్లా ఆ జ్ఞాపకం మీద నమ్మకం. కళ్ళకు కట్టినట్టు ఉండాల్సింది మసకబారింది. గ్యాస్ స్టవ్‌తోనే ఈ ప్రయోగం జరిగిందని తెలిసినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత కాస్త ఏడుపూ వచ్చింది. ఐదోసారి చూసినప్పుడు "ఇప్పుడు కూడా సరిగ్గా చూడలేదేమో" అనిపించడం నా ఒక్కడి పిచ్చి కాదన్నమాట.

కాబట్టి బస్సులో "కట్టానా?" అన్న ప్రశ్న వస్తే ఇలా చేయండి.

ముందు దాన్ని గుర్తుపట్టండి: "అనుమానం వచ్చింది." ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం అనుకోండి: "కట్టి ఉండొచ్చు, కట్టకపోయి ఉండొచ్చు." ఇక్కడ చాలామందికి గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. "కట్టే ఉంటాలే" అనుకుంటే ప్రాణానికి సుఖంగా ఉంటుంది కదా అంటారు. సుఖంగానే ఉంటుంది, రెండు నిమిషాలు. మీకు మీరే ధైర్యం చెప్పుకోవడం కూడా కుడి గడిలోదే. సగం తెరిచిన ప్రశ్నను సగం తెరిచినట్టే వదిలేయడం నేర్చుకోవాలి.

ఆ తర్వాత రీలు తిప్పకండి. "చేత్తో నాబ్ పట్టుకున్నాను, కుడివైపు తిప్పాను, టక్ మని శబ్దం వచ్చింది..." అని మొదలైతే, శబ్దం దాకా వెళ్ళకముందే వదిలేయండి. మధ్యలో వదిలేయడం ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంటుంది. ఉండనివ్వండి. కిటికీలోంచి బయటికి చూడండి, పక్కనాయన ఫోన్లో చూస్తున్న వీడియో మీకూ వినిపిస్తుంటే వినండి, ఆఫీసు మెయిలుకు జవాబు రాయండి. అనుమానాన్ని తరిమేయడానికి ఇవి చేస్తున్నామనుకుంటే మళ్ళీ అదే ఉచ్చు. అనుమానం పక్క సీట్లో కూర్చుని ఉండగానే మీ పని మీరు చేసుకుంటున్నారు.

ఎంతసేపు ఇలా అని అడుగుతారు. 1976లో రాక్‌మన్ బృందం దీన్ని కొలిచింది. కంపల్షన్ చేయకుండా ఊరికే ఉండిపోయినవాళ్ళలో, ఆ పని చేయాలన్న తపన మొదటి గంటలోనే బాగా తగ్గి, మూడు గంటలయ్యేసరికి చాలావరకు పోయింది. నాకైతే మొదట్లో సిల్క్ బోర్డు సిగ్నల్ దాటేదాకా ఉండేది, ఆ ట్రాఫిక్‌లో అది గంటే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: కొన్ని రోజులు తగ్గదు. తగ్గకపోయినా రోజు గడిచిపోతుంది. అలా గడిపిన రోజు కూడా లెక్కలోకి వస్తుంది, నన్నడిగితే అదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

తప్పు చేసినట్టు అనిపించినప్పుడు

ఇది అనుమానం కంటే మొండిది. అనుమానం "ఏమైందో" అని అడుగుతుంది. ఇది "నువ్వెలాంటివాడివి" అని అడుగుతుంది.

మన పెంపకంలో దీనికి మంచి ఎరువు ఉంది. పుస్తకానికి కాలు తగిలితే "తప్పు, కళ్ళకద్దుకో" అన్నారు. దేవుడి గురించి ఏదైనా అంటే "కళ్ళు పోతాయి, చెంపలేసుకో" అన్నారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు. పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది ఒకసారి చెంపలేసుకుని ఆటకు పరిగెత్తారు. పదోవాడు మాత్రం సరిగ్గా వేసుకున్నానా, మనస్ఫూర్తిగా వేసుకున్నానా అని ఆగిపోయాడు. బసవనగుడి దొడ్డ గణపతి ముందు నిలబడి, పాడుమాట మనసులోకి వచ్చినందుకు ఎవరూ చూడకుండా పదకొండుసార్లు చెంపలేసుకున్న మనిషిని నేను. పదకొండోది సరిగ్గా పడలేదని మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఆలోచన వస్తే పని చేసినంత పాపం అనిపించడం, ఆపగలిగీ ఆపకపోతే నేనే చేసినట్టు అనిపించడం, ఈ రెండూ ఓసీడీలో బాగా తెలిసిన లక్షణాలు. ఈ అతి బాధ్యత గురించి పాల్ సాల్కోవ్‌స్కిస్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1985లోనే వివరంగా రాశారు. చెడ్డవాళ్ళు కావడం వల్ల మనకిలా అనిపించడం లేదు. మనకు అన్నిటికంటే విలువైనది ఏదో చూసుకుని ఓసీడీ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. భక్తుడికి దేవుడి మీద, కొత్తగా తల్లైన మనిషికి బిడ్డ మీద.

మరి ఏం చేయాలి? అసలు తప్పుకీ, తప్పు చేసినట్టు అనిపించడానికీ తేడా తెలియాలి. అసలు తప్పుకు ఒక మనిషి ఉంటాడు, ఒక నష్టం ఉంటుంది, చేయాల్సిన పని ఒకటి ఉంటుంది, ఆ పనికి ఒక ముగింపు ఉంటుంది. రూమ్మేటు కప్పు పగలగొట్టారు. "సారీరా" అన్నారు, కొత్తది కొనిచ్చారు, అయిపోయింది. ఓసీడీ తెచ్చే తప్పుకు ముగింపు ఉండదు. సారీ చెప్పాక "నిజంగా క్షమించాడా?" అని వస్తుంది. రెండోసారి చెప్తే "విసుక్కున్నాడు, ఇప్పుడు ఇంకో తప్పు చేశాను" అని వస్తుంది. నా లెక్క ఏమిటంటే, మొదటి సారీ ఎదుటిమనిషి కోసం. మూడోది నా టెన్షన్ తగ్గడం కోసం. అది చెప్పకుండా ఉండటమే అవతలివాళ్ళకు నేను చేయగల మేలు.

అయితే ఈ తేడాను బస్సులో, దడ మధ్యలో, తేల్చుకోబోకండి. అది మళ్ళీ పంచాయితీ అవుతుంది. ఆ సమయంలో పనికొచ్చేది ఇంత మాత్రమే: "తప్పు చేసినట్టు అనిపిస్తోంది. తప్పే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఈ బాధతోనే ఆఫీసుకు వెళ్తాను." తర్వాత ఆ బాధకు జరిమానా కట్టకండి. జరిమానాలు రకరకాలుగా ఉంటాయి. ఆ రోజు ఇష్టమైన బిర్యానీ తినకపోవడం, ఎవరితోనూ నవ్వకపోవడం, హుండీలో వంద వేస్తానని మొక్కుకోవడం, రాత్రంతా తనను తాను తిట్టుకోవడం. బాధ ఉన్నా బిర్యానీ తినండి. మొదట్లో గడ్డి తిన్నట్టే ఉంటుంది.

బండి విషయంలో నేను దీన్ని బాగా నేర్చుకున్నాను. ఈ ఊరి రోడ్ల సంగతి మీకు తెలుసు. స్కూటర్ గుంతలో పడి ఎగిరిన ప్రతిసారీ ఎవరి మీదో ఎక్కించానేమో అనిపించేది. బెంగళూరులో ఆ లెక్కన నేను రోజుకు నలభైమందిని గుద్ది ఉండాలి. వెనక్కి తిప్పుకుని వెళ్ళి చూసేవాణ్ణి. ఎవరూ పడి లేకపోతే, ఎవరో ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారేమో అనుకునేవాణ్ణి. మర్నాడు పేపర్లో ప్రమాదాల వార్తలు వెతికేవాణ్ణి. థెరపీలో నాకిచ్చిన హోంవర్కు, అదే రోడ్డు మీద వెళ్ళడం, అద్దంలో చూడాల్సినంతే చూడటం, వెనక్కి తిరగకపోవడం. మొదటి రోజు ఆఫీసు పార్కింగ్‌లో హెల్మెట్ తీయకుండానే ఏడ్చాను, హంతకుణ్ణన్న బాధతో. మూడో వారానికి అదే గుంత. అదే ఎగురు. "ఎవరైనా ఉన్నారేమో" అని వచ్చింది, వెంటనే పార్కింగ్ దొరుకుతుందా లేదా అన్న బెంగ కూడా వచ్చింది. రెండు బెంగలూ పక్కపక్కనే ఆఫీసుకు వచ్చాయి.

"ఇది ఓసీడీయేనా, లేక ఓసీడీ పేరు చెప్పి తప్పించుకుంటున్నానా?"

కొన్ని వారాలు బాగా చేశాక ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వస్తే భయపడకండి, ఓసీడీ పాత ఆయుధాలు పనిచేయక కొత్తది తీసిందని అర్థం. ఎవరినో అడిగి తేల్చుకోవాలనిపిస్తుంది. తేల్చుకోకండి. ఇది కూడా ఎడమ గడిలో రాసుకోవాల్సిన ఇంకో ఆలోచనే.

జవాబు ఇప్పుడే, ఈ క్షణమే కావాలని తొందరపెడుతోందా? నూటికి నూరుపాళ్ళు ఖాయం కావాలంటోందా? నిన్న జవాబు దొరికిన ప్రశ్నే ఇవాళ మళ్ళీ వచ్చిందా? అయితే ఓసీడీ కిందే లెక్కేసి ముందుకు వెళ్ళండి. పొరపాటు పడే అవకాశం ఉందా అంటే, ఉంది. మామూలు మనుషులందరూ ఆ అవకాశంతోనే బతుకుతున్నారు.

వెనక్కి వెళ్ళి చూసేశారా?

చూసేస్తారు. నేను ఇప్పటికీ నెలకు ఒకటి రెండుసార్లు చూస్తాను. అప్పుడు వచ్చే "ఛీ, నా వల్ల కాదు" అన్నదానికి కూడా జరిమానా కట్టకండి. "ఇవాళ ఎలాగూ పాడైపోయింది" అని మిగతా రోజంతా ఓసీడీకి రాసిచ్చేయకండి. చూసి వచ్చాక "చూశాను, అయినా ఖాయం కాదు" అని అనుమానాన్ని మళ్ళీ మీరే తెచ్చిపెట్టుకుని బయలుదేరండి. చూడటం వల్ల దొరికిన సుఖాన్ని చెడగొట్టడం అన్నమాట. అసలు ఆపలేనంత తపనగా ఉంటే ఆపకుండా వాయిదా వేయండి: పది నిమిషాల తర్వాత చూస్తాను. పది నిమిషాలయ్యాక ఇంకో పది. కొన్నిసార్లు ఆ లోపల మీటింగ్ మొదలైపోతుంది.

ఇంట్లోవాళ్ళతో

మా అమ్మకు రోజుకు ఐదారుసార్లు ఫోన్ చేసేవాణ్ణి. "ఏమీ కాదులే నాయనా, కట్టేసే వచ్చింటావు" అనేది. ఆమెకు ప్రేమ, నాకు మందు. డోసు పెరుగుతూ పోయింది. చివరికి ఊరికి వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి చెప్పాను: "అమ్మా, నేను అడిగినప్పుడు నువ్వు ధైర్యం చెప్తే ఆ పూటకు బాగుంటాది, జబ్బు మాత్రం పెరుగుతాది. ఈసారి అడిగితే, 'ఇది నీ జబ్బు అడుగుతాండాది నాయనా, నేను చెప్పను' అని, 'తిన్నావా లేదా' అని అడుగు." ఆమె మొదటిసారి అలా అన్నప్పుడు గొంతు వణికింది. ఫోన్ పెట్టేశాక తనే ఏడ్చిందని చెల్లెలు చెప్పింది. ఇంట్లోవాళ్ళకూ ఈ అపరాధ భావం ఉంటుంది, వాళ్ళకూ ఒక నెల పడుతుంది. ఒక్కసారిగా అన్నీ ఆపమని అడగకుండా, వారానికి ఒకటి చొప్పున తగ్గించమనండి. కోపంతో కాకుండా మీతో మాట్లాడుకుని ఆపితేనే పనిచేస్తుంది.

మందులు, డాక్టర్లు

ఓసీడీకి వాడే మందుల్లో ముఖ్యమైనవి ఎస్ఎస్ఆర్ఐలు: ఫ్లూవాక్సమిన్, ఫ్లూవాక్సిటిన్, సెర్ట్రలిన్ లాంటివి. డిప్రెషన్‌కు ఇచ్చేదాని కంటే ఎక్కువ డోసు అవసరం కావచ్చు, పని చేస్తుందో లేదో చెప్పడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలో "ఏం లాభం లేదు" అని ఆపేసేవాళ్ళు చాలామంది, నేనూ ఒకసారి ఆ పని చేశాను. డాక్టరుకు చెప్పకుండా ఆపకండి. మందు వేసుకోవడం చేతకానితనమా అనే చర్చ నాకు విసుగు. షుగర్‌కు వేసుకునేవాణ్ణి ఎవరూ అలా అడగరు.

బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఒక అదృష్టం ఉంది. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థ ఉంది, అక్కడ ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. రాయలసీమ నుంచి రోగులు అక్కడికి చాలామంది వస్తారు, వరుసలో నిలబడితే మన మాటే వినిపిస్తుంది. మొదటిసారి వెళ్ళేరోజు ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళండి, పూట గడిచిపోతుంది. పెద్దాసుపత్రి గేటు దాటడానికే జంకుతుంటే, బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వారిదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. ఫోన్లో మాట్లాడితే చాలనుకుంటే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన కూడా తోడైతే ఈ కాగితాలూ రూలూ అన్నీ పక్కన పెట్టి, పక్కనున్న మనిషికి వెంటనే చెప్పండి, ఆ నంబరుకు ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.

డాక్టరు దగ్గరికి ఆ రెండు గళ్ళ కాగితం పట్టుకెళ్ళండి. గదిలోకి వెళ్ళాక చాలామంది గ్యాస్ గురించీ తాళం గురించీ చెప్పి, దేవుడి గురించో బిడ్డ గురించో వచ్చే ఆలోచన చెప్పకుండానే బయటికి వచ్చేస్తారు. నేను మూడు అపాయింట్‌మెంట్లు అలా పోగొట్టుకున్నాను. నాలుగోసారి కూడా నోరు పెగల్లేదు. ఆ వరుస కింద పెన్నుతో గీత గీసి కాగితం టేబుల్ మీద పెట్టాను. ఆవిడ చదివి, "ఇది ఎన్నేళ్ళ నుంచి ఉంది?" అని, జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగినట్టే అడిగారు.